భుజం ఎముక పక్కకి జరిగినా ఆపరేషన్ వద్దన్న కేసు: 67 ఏళ్ల పేషెంటు, ఏడాది ఫాలోఅప్

అరవై దాటినవాళ్ళకి భుజం దగ్గర ఎముక విరిగితే, మా దగ్గరికి వచ్చేసరికే ఇంట్లోవాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు: ఎముక పక్కకి జరిగింది కాబట్టి ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాల్సిందేనని. గత పది, పదిహేనేళ్ళలో వచ్చిన పరిశోధన మాత్రం అంత తొందరపడొద్దంటోంది. అయితే పరిశోధన చెప్పేది వందల మంది సగటు గురించి. మన ఎదురుగా కూర్చునేది ఒక్క మనిషి. ఆ సగటును ఒక్క భుజానికి ఎలా అన్వయించామో, ఆపరేషన్ వద్దన్నాక డాక్టరు మీద ఎంత పని పడుతుందో చెప్పడానికి ఈ కేసు రాస్తున్నాను. పేషెంటూ కుటుంబమూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కేసు

ఆవిడకి 67 ఏళ్ళు. గోదావరి ప్రాంతంలో ఒక పల్లెటూరు. కుడిచేతి వాటం. తొమ్మిదేళ్ళుగా షుగరుకీ బీపీకీ మాత్రలు వాడుతున్నారు. ఇంట్లో ఉండేది భార్యాభర్తలిద్దరే. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు అమెరికాలో ఉంటారు. తెల్లవారుజామున పెరట్లో నాచు పట్టిన గచ్చు మీద కాలు జారి కుడిపక్కకి పడ్డారు. దగ్గర్లోని టౌన్లో ఎక్స్‌రే తీసి, స్లింగ్ వేసి, ప్లేటు అవసరం పడొచ్చని చెప్పి పంపారు. మర్నాడు మా దగ్గరికొచ్చారు. ఆ సలహా తప్పని నేను అనను. ఆ ఎక్స్‌రే ఒక్కటే చూస్తే చాలామంది సర్జన్లు అదే చెబుతారు.

ఎడమ అరచేత్తో కుడి మోచేతిని కిందనుంచి పట్టుకుని, కొంచెం ఆ పక్కకే ఒరిగి కూర్చున్నారు. వాపు అప్పటికే ముంజేతిలోకి దిగుతోంది. అందుకని మొదట ఆ చేతి గాజులూ ఉంగరమూ తీయమన్నాను. మట్టిగాజులు తీయడానికి ఆవిడ ఒప్పుకోలేదు. "ఎడం చేతికి వేసేస్తానమ్మా, వాపు తగ్గాక మళ్ళీ ఈ చేతికి మారుద్దాం" అని మా సిస్టర్ నచ్చజెప్పి, సబ్బునీళ్ళు రాసి ఒక్కొక్కటే తీసింది. ఉంగరం ఆ పూట వదిలేసి ఉంటే మర్నాటికి కోయాల్సి వచ్చేది. భుజం ఫ్రాక్చర్‌లో భుజం మీదే దృష్టి పెట్టి వేళ్ళను మరిచిపోతే, మూడు నెలల తరవాత భుజం కదులుతుంది గానీ పిడికిలి బిగించలేరు. షుగర్ ఉన్నవాళ్ళలో ఇది మరీ ఎక్కువ.

తరవాత నరాలు. భుజం బయటివైపు చర్మం మీద దూదితో తాకితే రెండువైపులా ఒకేలా తెలుస్తోందా అని అడిగాను. కుడివైపు కొంచెం మొద్దుగా ఉందన్నారు. మోచేతిని నా అరచేతి మీదికి మెల్లగా నెట్టమని చెప్పి, రెండో చేత్తో భుజం మీద ఉండే, చెయ్యెత్తే డెల్టాయిడ్ కండ బిగుస్తోందా అని చూశాను. బిగుస్తోంది, కాకపోతే బలహీనంగా. దీన్ని కేస్‌షీట్‌లో రాసి పెట్టడం తప్పనిసరి. 2001లో విస్సర్ బృందం ఈ రకం ఫ్రాక్చర్లు 143 తీసుకుని ఈఎంజీ (నరాలూ కండరాల పనితీరు చూసే విద్యుత్ పరీక్ష) చేస్తే 67 శాతంలో ఏదో ఒక నరానికి దెబ్బ తగిలిన జాడ కనిపించింది, అందులోనూ డెల్టాయిడ్‌కి వెళ్ళే యాక్సిలరీ నరానికే ఎక్కువ. వీటిలో చాలావరకు నెలల్లో వాటంతటవే కోలుకుంటాయి. కానీ మొదటిరోజు రాసుకోకపోతే, ఆ బలహీనత దెబ్బ వల్ల వచ్చిందో మన వైద్యం వల్ల వచ్చిందో తరవాత ఎవరూ తేల్చలేరు.

ఫిల్ముల్లో ఏముంది

భుజానికి ఒక్క ఎదురు ఫిల్ము చాలదు. భుజం ఎముక పైకొస బంతిలా ఉండి రెక్క ఎముక గూట్లో కూర్చుంటుంది. ఆ గూడుకి సరిగ్గా ఎదురుగా తీసే ఏపీ వ్యూ, పక్కనుంచి స్కాప్యులర్ వై వ్యూ, చంక వైపు నుంచి యాక్సిలరీ వ్యూ, మూడూ కావాలి. మూడోది నొప్పి వల్ల తరచూ వదిలేస్తారు. బంతి గూట్లో ఉందా, వెనక్కి తప్పిందా అన్నది ఖాయంగా చెప్పేది అదే. ఆవిడ చెయ్యి పక్కకి ఎత్తలేకపోయారు కాబట్టి, స్లింగ్‌లోనే ఉంచి వెనక్కి కాస్త వాలి కూర్చోబెట్టి వెల్పో వ్యూ తీశాం. బంతి గూట్లోనే ఉంది. తరవాత సీటీ చేయించాం.

తేలిందిది: హ్యూమరస్ (భుజం ఎముక) సర్జికల్ నెక్ దగ్గర, అంటే బంతి కింద కాడ మొదలయ్యేచోట, విరిగింది. బంతి బయటివైపుకి వాలి ఎముక కాడలోకి దిగబడింది. మామూలుగా బంతికీ కాడకీ మధ్య కోణం 135 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఈవిడకి 155 అయింది. గ్రేటర్ ట్యూబరాసిటీ, అంటే రొటేటర్ కఫ్ కండరాలు అంటుకునే గడ్డ, విడి ముక్కగా పైకీ వెనక్కీ 5 మిల్లీమీటర్లు జరిగింది. దీన్ని వాల్గస్ ఇంపాక్టెడ్ ఫ్రాక్చర్ అంటాం.

1970లో ఛార్లెస్ నీర్ ఇచ్చిన వర్గీకరణలో ముక్క 1 సెంటీమీటరు జరిగినా, 45 డిగ్రీలు తిరిగినా దాన్ని విడి ముక్కగా లెక్కపెట్టాలి. ఆ లెక్కన ఈ భుజం చాలామంది భయపడేంత చెడ్డది కాదు. అయితే ఒకే ఫిల్మును ఇద్దరు అనుభవజ్ఞులకి చూపించినా ముక్కల లెక్క కలవదని 1993 నుంచీ అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. కాబట్టి ఎన్ని ముక్కలు అన్నదాని మీద నేను పెద్దగా ఆధారపడను. నాకు కావాల్సినవి రెండు. బంతికి రక్తం అందుతోందా? స్క్రూ వేస్తే పట్టుకునేంత ఎముక లోపల ఉందా?

మొదటిదానికి 2004లో హెర్టెల్ బృందం చేసిన పని ఇప్పటికీ పనికొస్తుంది. వాళ్ళు 100 ఫ్రాక్చర్లను ఆపరేషన్ సమయంలో పరిశీలించారు. బంతికి లోపలివైపు అంటుకుని ఉన్న ఎముక తోక 8 మిల్లీమీటర్ల కన్నా పొట్టిగా ఉండి, లోపలివైపు బంతినీ కాడనీ కలిపే అతుకు విడిపోయి, విరుగు అనటామికల్ నెక్ గుండా, అంటే బంతి అంచు వెంబడి, వెళ్తే, బంతికి రక్తం ఆగిపోయే అవకాశం 97 శాతమని తేల్చారు. ఈవిడకి ఆ తోక సీటీలో 11 మిల్లీమీటర్లు ఉంది. లోపలి అతుకు విడలేదు. బంతి బతికే భుజమే ఇది.

రెండో ప్రశ్నకి జవాబు మొదటి ఎక్స్‌రేలోనే దొరికింది. కాడ పైభాగంలో రెండువైపుల గట్టి పొర మందం కొలిచి సగటు తీస్తే, 4 మిల్లీమీటర్లు దాటని ఎముక బలహీనమైనదని టింగార్ట్ బృందం 2003లో చూపించింది. ఈవిడకి మూడున్నరే. బంతి దిగబడినచోట లోపల మిగిలింది గుల్ల. అలాంటి ఎముకలో స్క్రూ బిగించడం పాత సున్నపు గోడకి మేకు కొట్టినట్టే ఉంటుంది.

నిర్ణయం

ప్రాఫర్ ట్రయల్ గురించి చెప్పకుండా ఈ విషయం మాట్లాడలేం. బ్రిటన్‌లో 2008 నుంచి 2011 దాకా 32 ఆసుపత్రుల్లో, సర్జికల్ నెక్ విరిగి పక్కకి జరిగిన 250 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు సగం మందికి ఆపరేషన్, సగం మందికి స్లింగ్, ఫిజియో ఇచ్చారు. ఫలితాలు 2015లో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. 48కి లెక్కించే ఆక్స్‌ఫర్డ్ షోల్డర్ స్కోర్ రెండేళ్ళ మీద సగటున ఆపరేషన్ వాళ్ళకి 39.07, మిగతావాళ్ళకి 38.32. తేడా ముప్పావు మార్కు. పేషెంటుకి తెలిసే తేడా 5 మార్కులని ముందే అనుకుని ట్రయల్ మొదలుపెట్టారు. ఎంత ఉదారంగా లెక్క వేసినా తేడా మూడు దాటలేదు. అయిదేళ్ళ తరవాత చూసినా ఆ మాట మారలేదు.

దీని మీద సర్జన్లు చేసిన విమర్శల్లో బలమైనది ఒకటుంది. ఆపరేషన్ తప్పనిసరి అనిపించినవాళ్ళను ముందే పక్కన పెట్టారు, నాలుగు ముక్కలైనవి చాలా తక్కువ. నిజమే. అందుకే బంతి గూట్లోంచి తప్పిన ఫ్రాక్చర్‌కీ, బంతే రెండుగా చీలినదానికీ, చర్మం చిరిగినదానికీ, రక్తనాళం దెబ్బతిన్నదానికీ, కాడకీ బంతికీ అసలు ఆనికే లేనిదానికీ ఈ ట్రయల్ చూపించి ఆపరేషన్ వద్దనడం అన్యాయం. కానీ మా పేషెంటు వాటిలో ఏదీ కాదు. ప్రాఫర్ తీసుకున్నది సరిగ్గా ఇలాంటివాళ్ళనే. వాల్గస్ ఇంపాక్టెడ్ రకాన్నే విడిగా చూసిన కోర్ట్ బ్రౌన్ బృందం, 2002లో 125 మందికి ఆపరేషన్ లేకుండా వైద్యం చేస్తే 80.6 శాతం మందికి మంచి లేదా చాలా మంచి ఫలితం వచ్చిందని రాసింది.

త్రాసులో రెండోవైపు లాకింగ్ ప్లేటు, అంటే స్క్రూలు ప్లేటులోకే బిగుసుకునే రకం. 2009లో జుడ్‌కాంప్ బృందం రాసిన బహుళ కేంద్రాల అధ్యయనంలో, ఏడాది దాకా చూడగలిగిన 155 మందిలో 34 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. 19 శాతం మంది ఏడాదిలోపే అనుకోని రెండో ఆపరేషన్‌కి వెళ్ళారు. బంతిని చీల్చుకుని కీల్లోకి పొడుచుకొచ్చిన స్క్రూలు అందులో పెద్ద వాటా. వాటిలో చాలా తప్పులు జాగ్రత్తగా చేస్తే తప్పించగలిగేవే, అది ఒప్పుకుంటాను. కానీ మూడున్నర మిల్లీమీటర్ల ఎముక నా జాగ్రత్తతో మందం అవ్వదు.

కూతురు వీడియో కాల్లో అడిగిన ప్రశ్న చాలా సరైనది. "సార్, ఇక్కడ ఈ వయసు వాళ్ళకి రివర్స్ షోల్డర్ వేస్తున్నారు కదా, అమ్మకి ఎందుకు వద్దంటున్నారు?" ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో పాల్ గ్రామో 1980ల్లో తెచ్చిన కీలు అది. బంతిని గూటి వైపు, గూడుని చేతి వైపు పెట్టి, రొటేటర్ కఫ్ లేకపోయినా డెల్టాయిడ్ ఒక్కటే చెయ్యెత్తేలా చేస్తుంది. నార్వేలో జరిగిన డెల్ఫి ట్రయల్‌లో 65 నుంచి 85 ఏళ్ళ మధ్య 124 మందిని చూస్తే, రెండేళ్ళకి, భుజం పనితీరుని 100కి లెక్కించే కాన్‌స్టంట్ స్కోర్ రివర్స్ వేసినవాళ్ళకి 68, ప్లేటు వేసినవాళ్ళకి 54.6. పెద్ద తేడానే. కానీ అది ప్లేటుతో పోలిక. ఆపరేషన్ లేనివాళ్ళు ఆ ట్రయల్‌లో లేరు. ఆవిడతో అదే చెప్పాను. రక్తం అందుతున్న బంతిని తీసేసి లోహం పెట్టడానికి ఇప్పుడు కారణం లేదు. ఒకవేళ బంతి తరవాత చచ్చిపోయి నొప్పి పెడితే అప్పుడు రివర్స్ చేసుకునే దారి తెరిచే ఉంటుంది. ప్లేటు వేసి, అది చెడి, ఇన్‌ఫెక్షన్ కూడా వచ్చాక రివర్స్ చేయడం కన్నా ఎవరూ కోయని భుజంలో చేయడం ఎంతో సుళువు. పైగా ఈవిడ హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, 8.1 ఉంది. షుగర్ అదుపులో లేనట్టే.

కొడుకు చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "అంటే ఏమీ చెయ్యరన్నమాట" అన్నారు. ఆ మాటకి ఆరోజు నా దగ్గర పెద్ద సమాధానం లేదు. కాగితం మీద పన్నెండు వారాల కార్యక్రమం రాసి, ఏ రోజు ఏమి చూస్తామో, ఏది కనిపిస్తే నిర్ణయం మార్చుకుంటామో కూడా రాసి ఇచ్చాను. బంతి కోణం ఇంకో 10 డిగ్రీలు మారినా, గడ్డ ముక్క 10 మిల్లీమీటర్లకి జరిగినా మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం అన్నాను.

మొదటి మూడు వారాలు

అసలు వైద్యం ఇక్కడుంది. ఆర్మ్ పౌచ్ (చెయ్యి పెట్టి మెడకి తగిలించే సంచి), చంకలో పల్చటి నూలు గుడ్డ, రోజుకి రెండుసార్లు మార్చాలి. మనకున్న ఉక్కపోతలో చంక చర్మం పాసిపోవడానికి మూడు రోజులు చాలు. పడుకోవడం మంచం మీద వెల్లకిలా కాదు, దిండ్లు ఎత్తుగా పేర్చి సగం కూర్చున్నట్టు, మోచేతి కింద చిన్న దిండు. రవిక తొడిగేటప్పుడు విరిగిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే ఆఖర్న. ఇవి చెప్పాల్సింది భర్తకి, ఎందుకంటే చేసేది ఆయనే. ఆయన్ని కూర్చోబెట్టి, మా ఫిజియోథెరపిస్టు తన చేతికే పౌచ్ కట్టించుకుని నేర్పింది. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి మాత్రం మొదటి పూట నుంచే కదపాలి.

నాలుగోరోజు కొడుకు దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. చెయ్యి మోచేతి దాకా, పక్కటెముకల మీదా నల్లగా, వంకాయరంగులోకి తిరిగింది. చుట్టుపక్కలవాళ్ళు రక్తం విరిగిపోయిందనీ, కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి తైలంతో మర్దనా చేయించమనీ చెబుతున్నారట. విరిగినచోట కారిన నెత్తురు బరువుకి కిందకి దిగుతుంది, అది రెండు మూడు వారాల్లో పసుపురంగుకి తిరిగి పోతుంది. వేళ్ళు వెచ్చగా ఉండి, కదులుతుంటే భయం లేదు. మర్దనా మాత్రం వద్దే వద్దు. దిగబడి నిలబడిన బంతిని ఊడదీసేది అదే. ఈ నలుపు వస్తుందని మొదటిరోజే చెప్పి పంపితే సగం ఫోన్లు ఉండవు. ఇప్పుడు మేమిచ్చే కాగితంలో ఇది మొదటి వాక్యం.

వారం తరవాత తీసిన ఎక్స్‌రేలో బంతి గూట్లో కొంచెం కిందకి జారినట్టు కనిపించింది. కీలు తప్పలేదు. డెల్టాయిడ్ సోలిపోవడం వల్ల చెయ్యి బరువుకి అలా వేలాడుతుంది. మోచేతికి ఆసరా పెంచి, కండను లోపలే బిగించి వదిలే వ్యాయామం మొదలుపెడితే నాలుగో వారానికి సర్దుకుంది.

ఎప్పుడు కదపాలన్నది పాత వాదన. మూడు వారాలు కదలకుండా కట్టేయడం మా ముందుతరం పద్ధతి. 2003లో హాడ్సన్ బృందం, 2007లో ఫ్రాన్స్ నుంచి లెఫెవర్ కొలో బృందం, కుదురుగా దిగబడిన ఫ్రాక్చర్లలో మొదటి వారంలోపే కదిపితే మొదటి నెలల్లో భుజం త్వరగా తెరుచుకుంటుందనీ, ఎముక అతకడానికి దానివల్ల చేటు లేదనీ చూపించారు. అయితే కుదురుగా ఉందా అన్నది ఫిల్ము చూసి చెప్పలేం, చెయ్యి పెట్టి చూడాలి. పదోరోజు ఒక చేతి బొటనవేలూ చూపుడువేలూ బంతికి ముందూ వెనకా ఆనించి, ఇంకో చేత్తో వంచిన మోచేతిని పట్టుకుని ఒక్క పిసరు లోపలికీ బయటికీ తిప్పాను. కాడతోపాటే బంతి కూడా వేళ్ళ కింద తిరిగింది. రెండూ ఒకటిగా కదిలాయి, కరకర లేదు. ఆరోజే లోలకం వ్యాయామం మొదలైంది: ముందుకి వంగి, ఎడం చెయ్యి బల్ల మీద ఆన్చి, కుడిచెయ్యి వేలాడదీసి, ఒంటిని ఊపితే చెయ్యి ఊగాలి. చేతినే ఊపకూడదు. చాలామంది చేసే పొరపాటు అదే.

మూడోవారం నుంచి ఎడమచేతి సాయంతో కర్ర పట్టుకుని ఎత్తడం. నాలుగోవారం వాళ్ళాయన పెరటి గుమ్మానికి గిలక బిగించి తాడు వేశారు. ఆరోవారం ఎక్స్‌రేలో కొత్త ఎముక కనిపించింది, కోణం 153 దగ్గర, గడ్డ ముక్క ఉన్నచోటే ఉంది. పౌచ్ తీసేశాం. పన్నెండోవారం నుంచి రబ్బరు బ్యాండ్‌తో బలం పెంచడం.

స్కోరు, స్కోరులో లేనివి

ఆక్స్‌ఫర్డ్ స్కోరులో పన్నెండు ప్రశ్నలుంటాయి. కత్తీ ఫోర్కూ ఒకేసారి వాడగలరా, ట్రేలో భోజనం పెట్టుకుని గది దాటగలరా, అల్మరాలో బట్టలు తగిలించగలరా అని అందులో ఉంటుంది. మా పేషెంటుకి వీటిలో రెండు జీవితంలో ఎప్పుడూ చెయ్యని పనులు. అలాగని మనకి తోచినట్టు ప్రశ్న మార్చేస్తే ఆ అంకెను ప్రాఫర్ అంకె పక్కన పెట్టే హక్కు పోతుంది. అందుకని స్కోరును స్కోరుగానే తీసుకుని, పక్కన ఇంకో కాగితం మీద ఆవిడ పనులు రాయించాను: అన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం, పొయ్యి మీంచి గిన్నె దించడం, దండెం మీద చీర ఆరెయ్యడం, జడ వేసుకోవడం, అటక మీద డబ్బా అందుకోవడం. తెలుగు పేషెంట్లకి ఇలాంటి ప్రశ్నావళిని పద్ధతి ప్రకారం తయారుచేసి పరీక్షించడం మన మెడికల్ కాలేజీల్లో ఎవరైనా పీజీ థీసిస్‌గా ఎత్తుకోవాల్సిన పని. ఇది లోహం అక్కర్లేని పరిశోధన, ఎంతో అవసరమైన పరిశోధన.

మూడు నెలలకి చెయ్యి ముందుకి 95 డిగ్రీలు లేచింది, స్కోరు 24. నన్నడిగితే ఈ మూడోనెల అన్నిటికన్నా గడ్డుకాలం. ఎముక అతికింది, చెయ్యి లేవదు, ఇంట్లోవాళ్ళకి అప్పుడే చేయించేసి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది. ఆవిడ కూడా అన్నారు, "ఇంతేనాండీ ఇంక, ఈ చెయ్యి?" అని. ఆపరేషన్ చేసిన భుజమైనా ఆ సమయానికి చాలావరకు అంతే ఉంటుందని చెప్పి, షుగర్ అదుపు మీద ఇంకొంచెం గట్టిగా పట్టుబట్టాం. ఆరునెలలకి 120 డిగ్రీలు, స్కోరు 34. ఏడాదికి 130 డిగ్రీలు, బయటికి తిప్పడం 35, స్కోరు 41. భుజం మీద మొద్దుదనం అయిదోనెలకే పోయింది. ఎక్స్‌రేలో బంతి గుండ్రంగానే ఉంది.

ముద్ద, గిన్నె, చీర ఆరెయ్యడం వచ్చాయి. జడ మెడ పక్కనుంచి ముందుకి తెచ్చుకుని అల్లుకుంటున్నారు. అటక అందదు, వీపు వెనక చెయ్యి నడుం పైకి రాదు. ఇవి ఇక పెద్దగా మారవని ఆవిడతో చెప్పాను. బంతికి రక్తం తగ్గి కూలిపోవడం రెండేళ్ళ దాకా కనిపించవచ్చు కాబట్టి అప్పటిదాకా ఫిల్ములు తీస్తూనే ఉంటాం.

ఎముక సంగతి

నిలబడిన ఎత్తు నుంచి పడితే విరిగిన ఎముక బలహీనమైనదే. భుజం ఫ్రాక్చర్‌లో మనం ఎక్కువగా వదిలేసేది దీన్నే. ప్లేటా స్లింగా అని గంట వాదించుకుంటాం, రేపు తుంటి విరగకుండా చూడడం ఎవరి పనీ కాకుండా పోతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో ఈవిడకి తుంటి దగ్గర టీ స్కోరు మైనస్ 2.9 (మైనస్ 2.5 కన్నా తక్కువైతే ఎముక గుల్లబారినట్టు), విటమిన్ డి కూడా తక్కువే, 14. వారానికి 60,000 యూనిట్ల చొప్పున ఎనిమిది వారాలు విటమిన్ ఇచ్చి, కిడ్నీ పరీక్ష చూసి, మూడోనెలలో ఎముక అరుగుదలని తగ్గించే జొలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు సెలైన్‌లో ఎక్కించాం. 2007లో తుంటి విరిగినవాళ్ళ మీద చేసిన హొరైజన్ ట్రయల్‌లో ఈ మందు కొత్త ఫ్రాక్చర్లను 35 శాతం, మరణాలను 28 శాతం తగ్గించింది. భుజం విరిగినవాళ్ళకి సరిగ్గా అంతే లాభమని దాన్నిబట్టి అనలేం గానీ, ఇవ్వకుండా ఉండడానికి నాకు కారణం కనిపించలేదు.

ఎందుకు పడ్డారన్నది కూడా వెతికాం. పడుకుని లేచి నిలబడితే పై బీపీ 26 పాయింట్లు పడిపోతోంది. రాత్రి వేసుకునే బీపీ మాత్రను ఫిజిషియన్ మార్చారు. పెరటి గచ్చుకి వాళ్ళాయన బ్లీచింగ్ పౌడర్ వేసి రుద్ది, స్నానాలగది గోడకి పట్టుకునే కడ్డీ బిగించారు.

ఏడాది చూపింపుకి ఆవిడ తన చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. చెల్లెలికి 61. నిరుడు మణికట్టు విరిగితే పిండికట్టు వేయించుకుని, విప్పాక మరి ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. డెక్సా చేయిస్తే టీ స్కోరు మైనస్ 2.6 వచ్చింది. ఆవిడకీ మందు మొదలుపెట్టాం.